థర్డ్ గ్రేడ్ క్లాసులో పది ఆజ్ఞల పోస్టరు, ఇంట్లో బొమ్మల కొలువు. ఎవరికి చెప్పుకోవాలి?

బొమ్మల_కామాక్షి
డాలస్‌కి ఉత్తరాన ఉంటాం. ఊరూ స్కూలూ పేర్లు అడక్కండి, చెప్పను. ఈ దసరాకి మా అమ్మ సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి కొండపల్లి బొమ్మలు తెచ్చింది. ఐదు మెట్లు కట్టి కొలువు పెట్టాం. మా పాపకి ఎనిమిదేళ్లు, థర్డ్ గ్రేడ్. స్కూలు నుంచి వచ్చి బ్యాగు కూడా దించకుండా మెట్ల ముందు నిలబడి వేలుపెట్టి ఒక్కొక్కటీ లెక్కపెడుతోంది. ముచ్చటపడుతోంది కాబోలనుకున్నా. లెక్కయ్యాక ఇటు తిరిగి, "అమ్మా, నలభై మూడు గ్రేవెన్ ఇమేజెస్! గాడ్‌కి కోపం రాదా?" అంది. అమ్మకి ఇంగ్లీషు రాదు కాబట్టి సరిపోయింది.

మర్నాడు ఏదో వంకన క్లాసు దాకా వెళ్లి చూద్దును కదా, పెన్సిళ్లు చెక్కే మిషన్‌కి సరిగ్గా పైన గోడ మీద బైబిల్లోని పది ఆజ్ఞల పోస్టరు. గ్రేవెన్ ఇమేజెస్, అంటే చెక్కిన విగ్రహాలు, చేసుకోకూడదన్న మాటా అందులో ఉంది. పెన్సిల్ చెక్కుకోడానికి వెళ్లిన ప్రతి పిల్లా అదే చదవాలి. టీచరు మంచావిడ. "స్టేట్ లా అండీ, ఎవరో డొనేట్ చేశారు, తగిలించక తప్పదు" అని నాకంటే తనే ఎక్కువ ఇబ్బంది పడింది. మా ఆయన్నడిగితే "హెచ్1బి మీద ఉన్నాం, మనకెందుకు" అంటాడు.

నేనే అతి చేస్తున్నానా? లేకపోతే ఎవరికైనా చెప్పుకునే దారుందా?

ప్లానో_పంతులు
అతి కాదు. అది ఎస్‌బీ 10 అనే టెక్సాస్ చట్టం. 2025 సెప్టెంబర్ 1 నుంచి అమలు. పోస్టరు కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు ఉండాలి, బాగా కనబడే చోట పెట్టాలి, ఎవరైనా దానమిస్తే కాదనకూడదు. కానీ 2025 ఆగస్టు 20న ఫ్రెడ్ బియెరీ అనే ఫెడరల్ జడ్జి 11 స్కూలు డిస్ట్రిక్టుల్లో దాన్ని ఆపమన్నాడు. మా ప్లానో, హ్యూస్టన్ వైపు ఫోర్ట్ బెండ్, ఆస్టిన్ అందులో ఉన్నాయి. కేసు వేసినవాళ్లలో క్రైస్తవులు, యూదులు, ఏ మతమూ లేనివాళ్లు, మన హిందూ కుటుంబం కూడా ఉన్నారు. మిగతా డిస్ట్రిక్టులన్నీ తగిలించాల్సిందేనని టెక్సాస్ అటార్నీ జనరల్ పాక్స్టన్ అన్నాడు. అంటే రోడ్డుకి ఇటుపక్క స్కూల్లో పోస్టరు లేదు, అటుపక్క ఉంది.

కందిపొడి
మా వాడిది సెకండ్ గ్రేడ్. పోస్టరు మొత్తం చదివేసి ఇంటికొచ్చి "అడల్టరీ అంటే అడల్ట్స్ చేసే పనా?" అన్నాడు.

ఎడిసన్_ఎర్రయ్య
@కందిపొడి మీరేం చెప్పారు?

కందిపొడి
వాళ్ల నాన్నని అడగమన్నా. ఆయన అప్పటికే చెత్త బయట పెట్టొస్తానని వెళ్లిపోయాడు. ఆరోజు చెత్త వారం కూడా కాదు.

ఓరుగల్లు_బావ
లైట్ తీస్కో అక్కా. నేను సదివింది వరంగల్ల ఒక మిషన్ స్కూల్. పొద్దుగాల ప్రేయర్ల "పరలోకమందున్న మా తండ్రీ" కంఠతా వస్తుండె. మాయమ్మ బొట్టు పెట్టి పంపుతుండె, గేటు కాడ సిస్టర్ తుడిపిస్తుండె. సాయంత్రం మళ్ల హనుమాన్ గుడికి పోతుంటిమి. ఏమైంది నాకు? గోడ మీద కాయితానికి మతం మారిపోతదా?

బొమ్మల_కామాక్షి
@ఓరుగల్లు_బావ అన్నా, మీ అమ్మగారు ఫీజు కట్టి, అది మిషన్ స్కూలని తెలిసే పంపారు. ఇది పబ్లిక్ స్కూలు. మా ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లులో సగానికి పైన స్కూలు వాటానే. మీకు సిస్టర్ బొట్టు తుడిపిస్తే "ఆ సిస్టర్ అంతే" అనుకుని ఉంటారు. మా పాప గవర్నమెంటే చెప్పిందనుకుంటోంది. నిజంగా గవర్నమెంటే చెప్పింది కూడా.

ఓరుగల్లు_బావ
గది కరెక్టే. కానీ పోరాటం జేసుడు మన ముచ్చట కాదు అంటున్న. గ్రీన్‌కార్డు రానీ ముందుగాల.

ఎడిసన్_ఎర్రయ్య
గ్రీన్‌కార్డు వచ్చేసరికి పాపకి మనవలు పుడతారు బావా.

గుంటూరు_శామ్యూల్
ఇక్కడ క్రైస్తవుణ్ని నేనొక్కణ్నే ఉన్నట్టున్నా కాబట్టి చెప్తా. మా తాతగారి కాలం నుంచి గుంటూరు లూథరన్లం. పది ఆజ్ఞలు చిన్నప్పుడు చింతబరికె దెబ్బలతో నేర్చుకున్నవాణ్ని. టెక్సాస్ పోస్టర్లో ఉన్నవి మా పది కావు!

మా లూథరన్లకీ కేథలిక్కులకీ విగ్రహాల మాట విడిగా ఒక ఆజ్ఞ కాదు. మొదటి దాంట్లోనే కలిసిపోతుంది. చివర "పొరుగువాని ఇల్లు, భార్య, పశువులు ఆశించకూడదు" అన్నది మాకు రెండు ఆజ్ఞలు. యూదుల లెక్క మళ్లీ వేరు. అంటే సర్కారు మూడు నాలుగు వరసల్లోంచి ఒకటి ఏరి "ఇదీ అసలుది" అని గోడకి కొట్టింది. 1844లో ఫిలడెల్ఫియాలో సరిగ్గా దీనికే కొట్టుకు చచ్చారు. బళ్లో ప్రొటెస్టెంట్ల బైబిలు చదివించాలా, కేథలిక్కుల పిల్లలు వాళ్ల బైబిలు చదువుకోవచ్చా అని మొదలై, రెండు కేథలిక్ చర్చిలు తగలబడేదాకా పోయింది. మతాన్ని బళ్లోకి తెస్తే ముందు దెబ్బతినేది ఆ మతంలోని చిన్న గుంపే.

నా పిల్లలకి ఆజ్ఞలు నేను నేర్పుకుంటా. గవర్నర్ ఆబట్ గారికి ఆ శ్రమ అక్కర్లేదు.

కందిపొడి
పొరుగువాడి పశువులంటే ఈ కాలంలో పొరుగువాడి టెస్లా అనుకోవాలా?

గుంటూరు_శామ్యూల్
@కందిపొడి అయితే మా వీధి మొత్తం నరకానికే.

మిల్పిటస్_మూర్తి
శామ్యూల్ గారి మాటకి దండం. కానీ ఆస్టిన్‌లో శాసనసభ (కేపిటల్) ఆవరణలో ఇదే పాఠం చెక్కిన రాయి ఉంది కదా, 2005లో సుప్రీంకోర్టు 5-4తో ఉండనిచ్చింది. పోస్టర్లవాళ్లు పట్టుకుని వేలాడేది దాన్నే.

ప్లానో_పంతులు
@మిల్పిటస్_మూర్తి రాయి పక్కనుంచి తలతిప్పుకుని పోవచ్చు. క్లాసులో పిల్ల రోజుకి ఏడు గంటలు కూర్చోవాలి, అదీ చట్టప్రకారం. 1980లో కెంటకీ వాళ్లు ఇలాగే దానంగా వచ్చిన డబ్బుతో పోస్టర్లు పెడితే సుప్రీంకోర్టు కొట్టేసింది. మరి ఇప్పుడెందుకు మళ్లీ అంటే, 2022లో ఫుట్‌బాల్ కోచ్ మైదానంలో ప్రార్థన చేసుకోవచ్చని 6-3తో తీర్పిస్తూ, పాత కేసుల్లో వాడే కొలబద్దనే పక్కన పడేశారు. తలుపు సందు కనబడింది, లూసియానా 2024లో కాలు పెట్టింది, వెనకాలే ఆర్కన్సా, టెక్సాస్. లూసియానా చట్టం చెల్లదని 2025 జూన్‌లో ముగ్గురు జడ్జీలు అన్నారు. 2025 అక్టోబర్లో ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు పూర్తి బెంచి ఆ కేసు మళ్లీ వింటానంది. టెక్సాస్ కూడా ఆ సర్క్యూట్ కిందే. చివరికి వాషింగ్టన్‌లో సుప్రీంకోర్టుకి చేరాల్సిందే.

పాత_మాస్టారు_తెనాలి
అమ్మాయి దగ్గరికి ఆరు నెలలు వచ్చాను, ఆస్టిన్ దగ్గర. ముప్ఫై ఒక్కేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పాను. మీ చర్చ చదువుతుంటే ఒకటి గుర్తొచ్చి రాస్తున్నాను. కొంచెం పెద్దదవుతుంది, క్షమించాలి.

మన రాజ్యాంగం 28వ అధికరణం ఏమంటుందో పిల్లలచేత నేనే బట్టీ పట్టించేవాణ్ని. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే బళ్లో మతబోధ ఉండకూడదు. ఆ పాఠం చెప్పిన వారమే మా బళ్లో సరస్వతీ పూజ. కొబ్బరికాయ కొట్టేది నేనే. పదో తరగతి పిల్లల హాల్ టిక్కెట్లు అమ్మవారి పాదాల దగ్గర పెట్టేవాళ్లం. ఒక బ్యాచిలో షరీఫ్ అనే కుర్రాడు ఉండేవాడు, పేరు మార్చి రాస్తున్నాను. పూజ జరుగుతున్నంతసేపూ వరండాలో చెప్పుల దగ్గర నిలబడేవాడు. అందరి హాల్ టిక్కెట్లూ లోపల పళ్లెంలో, వాడిది మాత్రం వాడి చొక్కా జేబులో. ప్రసాదం ఇస్తే తీసుకునేవాడు, తినేవాడా అన్నది చూడలేదు. వాడేమనుకుంటున్నాడో ఒక్కనాడూ అడగలేదు. అడగాలని తోచనేలేదు.

కామాక్షీ, మీ పాప నీ దగ్గరికొచ్చి అడిగింది. ఆ మేరకు నువ్వు నయం.

బొమ్మల_కామాక్షి
మాస్టారూ, ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

ఓరుగల్లు_బావ
మాస్టారు మస్తు జెప్పిండు. గిప్పుడు నేను సప్పుడు జెయ్య.

సనాతన_శ్రీధర్
రెండూ ఒకటి కాదు మాస్టారూ. సరస్వతి చదువుల తల్లి, మన సంస్కృతి. ఇక్కడ మనం మైనారిటీ. మన మతం గురించి టెక్స్ట్‌బుక్కుల్లో అవమానంగా రాస్తే అడగద్దా? కాలిఫోర్నియాలో అడిగారు కదా. అదీ పోరాటమే.

నీలి_జెండా
@సనాతన_శ్రీధర్ ఆ పోరాటం కథ నేను చెప్తా, అప్పుడు నేను ఫ్రీమాంట్‌లో ఉన్నా. 2005-06లో ఆరో తరగతి పుస్తకాల్లో కులం గురించీ, ప్రాచీన కాలంలో ఆడవాళ్ల హక్కుల గురించీ ఉన్న వాక్యాలు మెత్తబరచమని కొన్ని హిందూ సంస్థలు స్టేట్ బోర్డుకి అర్జీ పెట్టాయి. మా దళిత సంఘాలూ, కొందరు చరిత్ర ప్రొఫెసర్లూ అడ్డుపడ్డారు. 2016లో "ఇండియా" అని రాయాలా, "సౌత్ ఏషియా" అని రాయాలా అని మళ్లీ అదే రచ్చ. మా నాన్న ప్రకాశం జిల్లాలో బడి బయట కూర్చుని చదువుకున్నాడు. ఆ మాట నా కూతురి పుస్తకంలో ఉంటే మీకు అవమానం, తీసేస్తే మాకు అవమానం. ఇప్పుడు పోస్టరు చూసి "మా పిల్లల మనసు గాయపడింది" అంటున్నవాళ్లలో అప్పుడు మా మీద సంతకాలు పెట్టినవాళ్లు ఎంతమందో.

కామాక్షి గారి బాధ నిజమే. నేను ఆవిడ పక్షమే. కానీ లెక్క లెక్కే.

సనాతన_శ్రీధర్
ప్రతి దానికీ కులం తేవడం కొందరికి అలవాటు.

నీలి_జెండా
తెచ్చింది నేను కాదు బాబూ. సూట్‌కేసులో వచ్చింది, కొండపల్లి బొమ్మల్లాగే.

వేదిక_కాపలాదారు
ఇద్దరూ ఇక్కడితో ఆపండి. వ్యక్తిగతంగా పోతే పోస్టులు తీసేస్తా. విషయం అమెరికా పబ్లిక్ స్కూళ్లు.

లౌడన్_లలిత
మా వర్జీనియా వాళ్లకి ఇవన్నీ 2021లోనే అయిపోయాయి. లౌడన్ కౌంటీ బోర్డు మీటింగులు నేషనల్ టీవీలో వచ్చేవి. క్రిటికల్ రేస్ థియరీ (జాతివివక్ష గురించిన సిద్ధాంతం) అని ఒకడు, ట్రాన్స్ పిల్లల బాత్రూములని ఇంకొకడు, మాస్కులని మరొకడు. డిబేట్‌లో డెమొక్రాట్ల గవర్నర్ అభ్యర్థి మెకాలిఫ్ "స్కూళ్లు ఏం చెప్పాలో తల్లిదండ్రులు చెప్పకూడదు" అనే అర్థం వచ్చేలా ఒక్క మాట నోరుజారాడు, రిపబ్లికన్ యంగ్‌కిన్ ఆ ముక్క పట్టుకునే గవర్నరయ్యాడు. మా డెవలప్‌మెంట్‌లో ఎప్పుడూ డెమొక్రాట్లకే వేసే తెలుగువాళ్లు కొందరు అటు మళ్లారు. ఎందుకో తెలుసా? టీజే.

మిల్పిటస్_మూర్తి
టీజే కథ కాస్త చెప్పండి, వినీ వినకుండా ఉంది.

లౌడన్_లలిత
థామస్ జెఫర్సన్ సైన్స్ హైస్కూలు. ఎంట్రన్స్ టెస్టు ఉండేది, వంద డాలర్ల ఫీజు. మనవాళ్ల పిల్లలు ఫిఫ్త్ గ్రేడ్ నుంచే కోచింగ్. 2020 చివర్లో టెస్టు ఎత్తేసి, ప్రతి మిడిల్ స్కూల్లోనూ పై 1.5 శాతం పిల్లలకి సీట్లు కేటాయించారు. ఆ మొదటి బ్యాచిలోనే ఆసియన్ పిల్లల వాటా 73 శాతం నుంచి 54కి పడింది. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 2022లో కింది కోర్టులో గెలిచారు, 2023లో అప్పీల్లో ఓడారు, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వినను పొమ్మంది.

మా పెద్దాడు టెస్టు రాసి వెళ్లాడు, చిన్నదానికి రాలేదు. ఒకే ఇంట్లో రెండు పద్ధతులూ చూశా. ఇన్నాళ్లకి ఒప్పుకోవాల్సింది ఏంటంటే, చిన్నది మామూలు హైస్కూల్లో ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తూ నవ్వుతూ ఉంది. పెద్దాడు ఆ నాలుగేళ్లూ రాత్రి రెండింటికి పడుకునేవాడు. అయినా టెస్టు తీసేసిన పద్ధతి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ ఏడాది మీటింగుల్లో మన పిల్లల్ని "టెస్టు మిషన్లు" అన్నట్టు మాట్లాడారు.

ఎడిసన్_ఎర్రయ్య
మా న్యూజెర్సీలో దీనికి అన్న లాంటి గొడవ. 2015లో వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరోలో పిల్లలు ఒత్తిడితో నలిగిపోతున్నారని సూపరింటెండెంట్ హైస్కూల్లో మిడ్‌టర్మ్‌లు, ఫైనల్స్ తీసేశాడు. తెల్లవాళ్లలో ఎక్కువమంది భేష్ అన్నారు, మనవాళ్లూ చైనావాళ్లూ చదువు పల్చబడిందన్నారు. ఇంటర్లో కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌ని తిట్టుకుంటూ బయటపడ్డవాళ్లమే ఇక్కడ దాని బ్రాంచి తెరవమంటున్నాం.

చింతచిగురు
@ఎడిసన్_ఎర్రయ్య మీ పిల్లలు కోచింగ్‌కి వెళ్లట్లేదా?

ఎడిసన్_ఎర్రయ్య
మూడు. మ్యాథ్, స్పెల్ బీ, రోబోటిక్స్. నేను అనేది అనేదే, చేసేది చేసేదే.

ఓచర్_వెంకట్
ఇంత గొడవ దేనికి? స్టేట్ డబ్బులిస్తుంటే పిల్లని ప్రైవేట్లో వేసుకోండి. 2025 మే 3న ఆబట్ ఎస్‌బీ 2 అనే ఓచర్ల చట్టం మీద సంతకం పెట్టాడు. 2026-27 నుంచి పిల్లకి సుమారు పదివేల డాలర్లు. మొత్తం వంద కోట్ల డాలర్లు పక్కన పెట్టారు. ఇష్టం లేని స్కూలు వదిలేసి నచ్చిన చోటికి పోవడమే స్వేచ్ఛ.

ప్లానో_పంతులు
@ఓచర్_వెంకట్ చట్టం పూర్తిగా చదివారా? దరఖాస్తులు ఎక్కువైతే ముందు వరస వైకల్యం ఉన్న పిల్లలకీ, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకీ. పేదరికం గీతకి ఐదింతలు దాటిన ఆదాయం ఉన్నవాళ్లందరికీ కలిపి 20 శాతానికి మించి ఇవ్వరు. నలుగురి కుటుంబానికి 2025లో ఆ ఐదింతల లెక్క సుమారు లక్షా అరవై వేల డాలర్లు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఐటీ అయితే మీ నంబరు ఎక్కడొస్తుందో చూసుకోండి. పైగా డాలస్‌లో పేరున్న ప్రైవేటు స్కూళ్ల ఫీజు ఆ పదివేలకి రెండు మూడింతలు. ప్రైవేటు స్కూళ్లలో చర్చిల స్కూళ్లే ఎక్కువ. పోస్టరు తప్పించుకోడానికి అక్కడికి పోతే ఏకంగా బైబిల్ క్లాసే ఉంటుంది.

కందిపొడి
పెనం మీంచి పొయ్యిలోకి!

పాత_మాస్టారు_తెనాలి
రిపబ్లికన్ రాష్ట్రం కదా, ఇన్నేళ్లు ఈ ఓచర్లు ఎందుకు రాలేదు?

ప్లానో_పంతులు
మాస్టారూ, అడ్డుపడ్డది పల్లెటూళ్ల రిపబ్లికన్లే. పశ్చిమ టెక్సాస్‌లో చిన్న ఊరంటే ఒక గ్యాస్ స్టేషన్, రెండు చర్చిలు, ఒక స్కూలు. ఊళ్లో ఎక్కువ ఉద్యోగాలు స్కూల్లోనే, శుక్రవారం రాత్రి ఊరంతా ఉండేది దాని ఫుట్‌బాల్ మైదానంలోనే. ప్రైవేటు స్కూలే లేని చోట ఓచరు ఏం చేసుకుంటారు? 2023 నవంబర్లో 21 మంది రిపబ్లికన్లు డెమొక్రాట్లతో కలిసి 84-63తో దాన్ని కొట్టేశారు. 2024 ప్రైమరీల్లో ఆబట్ సొంత పార్టీవాళ్ల మీదే అభ్యర్థుల్ని నిలబెట్టి వాళ్లలో చాలామందిని ఇంటికి పంపాడు. పెన్సిల్వేనియా కోటీశ్వరుడు జెఫ్ యాస్ దానికి అరవై లక్షల డాలర్లకి పైగా ఇచ్చాడు. ఆ తర్వాతి సభలో పాసైపోయింది.

పాత_మాస్టారు_తెనాలి
ఓహో. మన రాజకీయమే.

మౌనవాణి
ఓచర్ గురించి ఒక మాట. మా బాబుకి ఆటిజం, తొమ్మిదేళ్లు. పబ్లిక్ స్కూల్లో వాడికి ఐఈపీ ఉంది. వారానికి ఇంత స్పీచ్ థెరపీ, ఇంత సేపు పక్కన ఒక ఎయిడ్ అని రాసి అందరం సంతకాలు పెట్టిన కాగితం. 1975 నాటి ఫెడరల్ చట్టం దాని వెనకుంది, ఇవ్వకపోతే నిలదీసే హక్కు నాది. ఓచర్‌లో మాలాంటివాళ్లకి 30,000 దాకా ఇస్తామంటున్నారు, సంతోషం. కానీ ఆ డబ్బు పట్టుకుని ప్రైవేటుకి వెళ్లిన రోజు ఆ కాగితానికి విలువ పోతుంది. "మీ వాడు మాకు కుదరడండీ" అంటే ఎవరినీ ఏమీ అనలేను.

నిరుడు మా స్కూల్లో నాలుగు నెలలు స్పీచ్ టీచర్ లేదు. ఫిర్యాదు చేద్దామనుకునేసరికి 2025 మార్చిలో ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ సివిల్ రైట్స్ విభాగం డాలస్ ఆఫీసునే మూసేశారు. దేశంలో ఉన్న 12లో 7 మూసేశారు. మీరందరూ గోడ మీద పోస్టరు గురించి మాట్లాడుతున్నారు. మావాడు పోస్టరు చదివి ప్రశ్న అడిగితే నేను పండగ చేసుకుంటాను.

బొమ్మల_కామాక్షి
వాణీ, నీ నంబరు మెసేజ్ చెయ్యి. ఎక్కడుంటావ్?

ఓచర్_వెంకట్
మౌనవాణి గారూ, ఆ కోణం నాకు తట్టలేదు. నేను మా ఇద్దరు పిల్లల లెక్క వేసుకునే మాట్లాడా.

చింతచిగురు
అసలు ట్రంప్ ఆ డిపార్ట్‌మెంట్ మొత్తం ఎత్తేశాడు కదా?

ప్లానో_పంతులు
ఎత్తెయ్యమని 2025 మార్చి 20న ఆర్డరు వేశాడు. కానీ 1979లో కాంగ్రెస్ చట్టం చేసి పెట్టినది, కాంగ్రెస్ ఒప్పుకోకుండా పూర్తిగా పోదు. ఈలోగా నాలుగు వేల పైచిలుకు ఉద్యోగుల్ని సగానికి తెచ్చారు. ఆ కోతలకి జూలైలో సుప్రీంకోర్టు పచ్చజెండా ఊపింది. ఏ పాఠం చెప్పాలన్నది ఆ డిపార్ట్‌మెంట్ చేతిలో ఎప్పుడూ లేదు, అది రాష్ట్రాలదీ, స్కూలు బోర్డులదీ. వాళ్లది పేద బడుల నిధులు, వాణి గారి లాంటివాళ్ల ఫిర్యాదులు. దెబ్బ అక్కడ.

కందిపొడి
టెక్సాస్ వాళ్లకి ఇంకో కామెడీ. ఎస్‌బీ 12 అని తల్లిదండ్రుల హక్కుల చట్టం. ప్రతి క్లబ్బుకీ సంతకం, నర్సు వైద్యం చెయ్యాలన్నా సంతకం. ఆగస్టులో మావాడి మోకాలు చీరుకుపోతే నర్సు ఫోన్ చేసి "బ్యాండ్‌ఎయిడ్ వెయ్యచ్చా?" అంది. నేను ప్రొడక్షన్ కాల్‌లో ఉన్నా. మ్యూట్ చేశాననుకుని "వెయ్యండి, వెయ్యండి" అని అరిచా. అవతల మా మేనేజర్ కోడ్ ప్రొడక్షన్‌లో వేసేశాడు.

ఎడిసన్_ఎర్రయ్య
ఇది అబద్ధమైనా సరే, ఈ దారంలో బెస్ట్ పోస్టు.

ఓరుగల్లు_బావ
గంతేగాదు. మా టెక్సాస్ పిల్లలు దేశం జెండాకు ఒక ప్రతిజ్ఞ, టెక్సాస్ జెండాకు ఇంకోటి. నా కొడుకు ఇంట్ల గూడ చెయ్యి గుండె మీద పెట్టుకొని అంటడు. వీనికి జనగణమన రాదు. (అక్కా, ఇది పోరాటం కాదు, ఏడుపు.)

పాత_మాస్టారు_తెనాలి
ఆ ప్రతిజ్ఞ మీద మనకీ వీళ్లకీ ఒక చుట్టరికం ఉంది. 1943లో, యుద్ధం జరుగుతుండగా, యెహోవా సాక్షుల పిల్లలు జెండా వందనం చెయ్యకపోతే బడినుంచి గెంటకూడదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. బార్నెట్ కేసు. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలు, వాళ్లూ యెహోవా సాక్షులే, జనగణమన పాడలేదని బడి నుంచి పంపేశారు. లేచి మర్యాదగా నిలబడేవాళ్లు, నోరు మాత్రం కదిపేవాళ్లు కాదు. 1986లో మన సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పులో బార్నెట్ ప్రస్తావన ఉంది. రాసింది జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, మన తెలుగాయనే.

నేను ఆ తీర్పు పిల్లలకి చెప్పేవాణ్ని. షరీఫ్ వరండాలో నిలబడ్డ ఏడాది కూడా చెప్పాను.

నీలి_జెండా
మాస్టారూ, మీ పోస్టులు మా అమ్మాయికి చదివి వినిపిస్తున్నా. తెలుగు సగమే అర్థమవుతుంది, అయినా "ఇంకేం రాశారు" అని అడుగుతోంది.

బొమ్మల_కామాక్షి
సరే, ఇంత విన్నాక పని మాట. నేనిప్పుడు ఏం చెయ్యాలి? వీసా మీద ఉండి మాట్లాడచ్చా?

ప్లానో_పంతులు
మాట్లాడచ్చు. నెలనెలా బోర్డు మీటింగు ఉంటుంది. పేరు, అడ్రస్, ఏ విషయం అన్నది కార్డు మీద రాసివ్వాలి. మా డిస్ట్రిక్టులో మనిషికి మూడు నిమిషాలు. ఎదురుగా టైమర్ ఉంటుంది, ఎరుపు వెలగ్గానే మైకు ఆపేస్తారు. సిటిజనా కాదా అని అడగరు, డిస్ట్రిక్టులో ఉంటే చాలు. బోర్డు తిరిగి జవాబు చెప్పదు, రాతి బొమ్మల్లా వింటారు. కంగారుపడకు.

కందిపొడి
గ్రేవెన్ ఇమేజెస్ అన్నమాట.

ఓరుగల్లు_బావ
వీడియో ఆన్‌లైన్ల పెడ్తరు అక్కా, సూసుకో. ఇప్పుడున్న వాతావరణంల భయపడుడు తప్పు గాదు. నేనైతే మాట్లాడ. పిరికోన్ని అనుకున్నా సరే.

గుంటూరు_శామ్యూల్
@బొమ్మల_కామాక్షి మీరు ఏ డిస్ట్రిక్టో నాకు మెసేజ్ చెయ్యండి. నేను సిటిజన్ని, చర్చికి వెళ్లేవాణ్ని, ఆ చుట్టుపక్కలే ఉంటా. ఒకే డిస్ట్రిక్టు అయితే ఆ మూడు నిమిషాలు నేను మాట్లాడతా. "ఇవి నా పది ఆజ్ఞలు కావు" అని పాస్టరు గారి మనవడు చెప్తే ఏం చేస్తారో చూద్దాం.

సనాతన_శ్రీధర్
శామ్యూల్ గారూ, మీ మాట పట్టుకుని నేనూ వస్తా. కార్డు నింపుతా. సిటిజన్నయి ఆరేళ్లయింది. ప్రెసిడెంట్‌కి తప్ప దేనికీ ఓటెయ్యలేదు, ఈ బోర్డులో ఎంతమందో కూడా తెలీదు.

ప్లానో_పంతులు
మామూలుగా ఏడుగురు. జీతం లేదు. సూపరింటెండెంట్‌ని పెట్టేదీ వాళ్లే, స్కూళ్లు మూసేదీ వాళ్లే. మా ప్లానోలో పిల్లలు తగ్గిపోయారని నాలుగు స్కూళ్లు మూస్తూ ఓటేశారు, ఆ రోజు హాలు కిటకిట. వాళ్లని ఎన్నుకున్న రోజు మా పోలింగ్ స్టేషన్లో నాతో కలిపి ఐదుగురం ఉన్నాం, అందులో ఇద్దరు పోలింగ్ సిబ్బంది. స్టేట్ ఒక్కో పిల్లకి ఇచ్చే తలసరి డబ్బు 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయి, 2025లో 55 డాలర్లు పెరిగింది. దీని మీద మనవాళ్లు ఒక్కరు మాట్లాడరు. ఇల్లు కొనేప్పుడు మాత్రం రేటింగు పదికి పది ఉందా అని చూస్తారు.

చింతచిగురు
55 అంటే రెండు ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీలు.

సనాతన_శ్రీధర్
ఎలక్షన్ ఎప్పుడు?

ప్లానో_పంతులు
డిస్ట్రిక్టుని బట్టి. కొన్నిచోట్ల నవంబర్, చాలాచోట్ల మే మొదటి శనివారం. 2026లో అది మే 2. ఓటరుగా రిజిస్టర్ కావడానికి ఆఖరు తేదీ ఏప్రిల్ 2.

బొమ్మల_కామాక్షి
శామ్యూల్ గారికి మెసేజ్ పెట్టాను. ఒకే డిస్ట్రిక్టే. శ్రీధర్ గారూ, మీరూ పెట్టండి. మా ఆయనకి ఇంకా చెప్పలేదు.

పాప నిన్న రాత్రి కొలువు సర్దేస్తుంటే సాయం చేసింది. బొమ్మల్ని ఒక్కొక్కటీ పాత టీషర్టుల్లో చుట్టి పెట్టెలో పెట్టింది. దశావతారాల సెట్టు మాత్రం పెట్టనివ్వలేదు. తన బల్ల మీద పెట్టుకుంటానంది. "టెన్ ఉన్నాయి కదా, అవి కూడా టెన్" అంది. ఏమనుకుని అందో అడిగా, భుజాలెగరేసింది.

ఎడిసన్_ఎర్రయ్య
@ప్లానో_పంతులు మే 2 అన్నారా? ఆ శనివారం మీ డాలస్ తెలుగువాళ్ల ఉగాది పిక్నిక్ అని మా బావమరిది ఇప్పుడే ఫ్లయర్ పంపాడు.

ప్లానో_పంతులు
ఉగాది మార్చిలో కదా?

ఎడిసన్_ఎర్రయ్య
హాలు అప్పుడే దొరికిందట.